ఆరో ప్రశ్న

బెంగుళూరు,
12 జూన్ 1966

పూజ్యురాలైన అక్క అనసూర్యకు,

తమ్ముడు కైలాసం నమస్కరించి వ్రాయునది. నేను ఇక్కడికి క్షేమంగా చేరితిని. నస్పూర్‌లో నీవు, రాజలింగు బావ, మీ అత్త చంద్రవ్వ, పిల్లలు కుశలమని తలుస్తాను.

నిన్న మా శిక్షణ ప్రారంభమైనది. దేశం మొత్తం మీద పన్నెండు మందిని ఎన్నుకున్నారు. అందులో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. ఆస్పత్రి వెనుక ఒక పాత బంగళా మాకు ఇచ్చారు. మా పెద్ద సారు లింగమూర్తి గారు. తలకు దెబ్బ తగిలిన వారికి, పక్షవాతం వచ్చిన వారికి మాట ఎందుకు పోతుంది, ఏ మాట పోయి ఏ మాట మిగులుతుంది, మెదడులో ఎక్కడ దెబ్బ తగిలితే ఏమవుతుంది అని కనిపెట్టడం మా పని. ఇంగ్లీషు వారు తమ భాషలో ఇవన్నీ రాసిపెట్టుకున్నారు. మన భాషల్లో ఎవరూ సరిగ్గా రాయలేదు. "రాయవలసిన వాళ్లు మీరే" అని సారు అన్నప్పుడు నా ఒళ్లు పులకరించింది.

మాకు తలా ఒక తెల్లకోటు ఇచ్చారు. జేబు మీద పేరు దారంతో కుట్టి ఉంది. బట్ట మాత్రం పలుచన. సిరిసిల్లలో మన బాపు చూస్తే పెదవి విరిచి, పోగులు లెక్కపెట్టేవాడు. మీ మామ సిద్దిరాములు గారు బతికి ఉంటే, మన నేతగాళ్ల పిల్లవాడు ఇంత దూరం వచ్చాడని ఊరంతా చెప్పుకొని ఉండేవారు.

ఇట్లు,
నీ విధేయుడైన తమ్ముడు
కైలాసం

నస్పూర్,
27 జూన్ 1966

తమ్మి కైలాసానికి అక్క దీవెనలు.

నీ కారటు ముట్టింది. "పూజ్యురాలైన", "నమస్కరించి వ్రాయునది" అని రాసినవు, నేనేమన్న తాసిల్దారునా? మగ్గం గుంట పక్కన ఇసుకల నీకు అ ఆలు దిద్దిచ్చిన దాన్ని. మనం మాట్లాడుకున్నట్టు రాయి.

మీ బావ బొగ్గుబాయిల నుంచి వచ్చి తానం చేసినంక అందర్ని కూసోబెట్టి చదివిండు. బొగ్గు తవ్వే చేతులతోని కారటు ఎంత భద్రంగ పట్టుకున్నడో నువ్వు చూడాలె. మా అత్త నూలు కండెలు చుట్టుకుంట ఇన్నది. మామ పేరు రాంగనే కొంగు నెత్తి మీదికి గుంజుకున్నది. ఆయన పోయి ఆరేండ్లాయె, పేరు చెవుల పడితె ఇప్పటికి గట్లనే చేస్తది. తర్వాత పొద్దుబోయేదాక నీ ముచ్చటే. ఆమె నోరు నీకు తెలుసు గద, రాట్నం ఆగినా అది ఆగది.

కారటు పట్టుకొని పది ఇండ్లు తిరిగి సూపెట్టిన. చాందా దిక్కు నుంచి వచ్చిన పక్కింటి గంగుబాయి, "నీ తమ్ముడు పిచ్చోళ్ల దవాఖాన్ల పడ్డడట గద, పాపం" అన్నది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూడు దినాలు ఆమెతోని మాట్లాడలే. అటు మీ బావేమో నువ్వు మెదడు డాక్టరువైనవని బాయిల చెప్పిండు. నిన్న ఇద్దరు తలనొస్తుందని మందు చీటీ కోసం వచ్చిన్రు. వాళ్లకు ఛాయ్ పోసి పంపిన.

నాకు మాత్రం ఒక్కటే తెలుసు. దేశంల పన్నెండు మందిల ఒకడు నా తమ్ముడు. గది చాలు.

నీ అక్క
అనసూర్య

బెంగుళూరు,
9 జూలై 1966

ప్రియమైన అక్కా,

నేను డాక్టరును కాను. ఈ మాట బావకు గట్టిగా చెప్పు. మేము మందు ఇవ్వము. చూసి, అడిగి, రాసి, ఆలోచిస్తాము. ఇది పిచ్చాసుపత్రి కూడా కాదు. మాట పోవడం వేరు, మతి పోవడం వేరు.

ఇప్పుడు మా చేతికి ఇరవై ప్రశ్నల కాగితం వచ్చింది. ఇంగ్లీషు నుంచి ఎవరి భాషలోకి వాళ్లం దింపుకోవాలి. తెలుగు కాగితం నేనే తయారు చేశాను అక్కా! నిన్న సారు దాని మీద సంతకం పెట్టారు. చిన్నప్పుడు నువ్వు పలక మీద ఒకటి పెట్టినప్పుడు ఎంత గర్వపడేవాణ్ణో, అంత గర్వపడ్డాను.

కైలాసం

నస్పూర్,
3 ఆగస్టు 1966

తమ్మి,

మా అత్తకు పచ్చవాతం వచ్చింది. పోయిన వారం సోమవారం పొద్దుగాల కండె చుట్టుకుంట చుట్టుకుంట పక్కకు ఒరిగింది. కుడి చెయ్యి పడిపోయింది. దవాఖాన్ల ఆరు దినాలుంచి ఇంటికి పంపిన్రు. పానానికి ఫికర్ లేదన్నరు.

గని మాట పోయింది. గంత మాట్లాడే మనిషి "గదే, గదే" అంటది, అంతే. ఎప్పుడన్న "నీళ్లు" అంటది, "బిడ్డ" అంటది. చెప్పవోయి చెప్పరాక కండ్లల్ల నీళ్లు తీస్తది. ఇల్లు సప్పుడు లేకుంటైంది తమ్మి. ఆమె ముచ్చట్లతోని ఇసుగొచ్చేది నాకు, ఇప్పుడు గా ముచ్చట్లే కావాలనిపిస్తుంది.

జగిత్యాల నుంచి ఆమె బిడ్డ, మా వదినె సత్తమ్మ వచ్చింది. తల్లిని చూసి ఏడ్చింది. మతి పోయిందని అంటుంది. నాకట్ల అనిపిస్తలేదు. నువ్వు గదే చదువుతున్నవు గద, ఏదన్న తొవ్వ చెప్పు.

అనసూర్య

బెంగుళూరు,
11 ఆగస్టు 1966

అక్కా,

చదివి చాలా బాధపడ్డాను. నేను వెంటనే రాలేను, సెలవు లేదు. కాని నువ్వు ఇక్కడి పనిని అక్కడ చేయగలవు. నా ఇరవై ప్రశ్నల కాగితం, బొమ్మల అట్టలు పంపుతున్నాను. రోజుకు నాలుగైదు చొప్పున అత్తను అడుగు. సరైన జవాబు పక్కనే రాసి ఉంది. ఉదాహరణకు, ఆరో ప్రశ్న: నీ భర్త పేరేమి? జవాబు: సిద్దిరాములు.

పద్ధతి జాగ్రత్తగా విను. జవాబు సరిగ్గా వస్తే ఒకటి పెట్టు. రాకపోతే సున్నా పెట్టు. అంతకు మించి ఒక్క ముక్క కూడా రాయకు. ఆమె అట్లా చూసింది, ఇట్లా అన్నది అని నీ అభిప్రాయాలు కలిపితే అది శాస్త్రం కాదు. కాగితంలో లేనిది మనకు అక్కర్లేదు. సత్తమ్మ వదిన తొందరపడవద్దు. మార్కులు చూసి నేను చెబుతాను.

కైలాసం

నస్పూర్,
25 ఆగస్టు 1966

తమ్మి,

నువ్వు చెప్పినట్టే చేసిన. మీ బావ ఇంటికొచ్చి దీపం పెట్టిన యాళ్ల, పిల్లలు సప్పుడు చెయ్యకుంట కూసుంటె అడిగిన. ఏడు ఒకట్లు, పదమూడు సున్నాలు. ఆరో ప్రశ్నకు సున్నా. గా ప్రశ్న ఎందుకు పెట్టినవో నాకు సమజ్ కాలే, గని మీ పద్ధతి మీది.

ఇంక రాసేటియి శాన ఉన్నయి. రాయద్దన్నవు, రాస్తలేను.

నీకు సర్వపిండి పంపుదామనుకున్న. ఆడిదాక పోయేసరికి రాయి అయితదని మీ బావ నవ్విండు.

అనసూర్య

బెంగుళూరు,
5 సెప్టెంబర్ 1966

అక్కా,

నీ కాగితం అందింది. నవంబర్ మొదటి వారంలో అందరి ముందు మా మొదటి నివేదికలు చదవాలి. నేను చంద్రవ్వ అత్త గురించే చదువుతాను. తెలుగు మీద ఇట్లాంటి నివేదిక ఈ బంగళాలో ఇదే మొదటిది. సారు పేరు కింద నా పేరు ఉంటుంది.

ఫలితం చెబుతాను, ధైర్యంగా విను. ఇరవైకి ఏడు చాలా తక్కువ. ముఖ్యంగా ఆరో ప్రశ్న. నలభై ఏళ్లు కాపురం చేసిన భర్త పేరు అన్నిటికన్నా చివర పోవాలి. అదే పోయిందంటే పోయింది మాట ఒక్కటే కాదు, ఎదుటివాళ్లు చెప్పేది అర్థం చేసుకునే శక్తి కూడా పోయిందని నేను తేల్చాను. అత్తకు మీరు మాట్లాడేది ఇక అర్థం కాదు. సత్తమ్మ వదినకు నెమ్మదిగా చెప్పండి.

కైలాసం

నస్పూర్,
16 సెప్టెంబర్ 1966

కైలాసం,

నీ కారటు వచ్చిన దినం వదినె సత్తమ్మ ఈడనే ఉన్నది. మీ బావ ఎప్పటి లెక్కనే అందరి నడుమ పైకి చదివిండు. మా అత్త బువ్వ తింటున్నది. "అత్తకు మీరు మాట్లాడేది ఇక అర్థం కాదు" అన్న కాడికి రాంగనే పళ్లెం పక్కకు నూకింది. గోడ దిక్కు తిరిగి పండుకున్నది. రెండు దినాలు ముద్ద ముట్టలే. ఆమెకు అర్థం కాదని నువ్వు రాసిన మాట అందరికన్న ముందు ఆమెకే అర్థమైంది.

వదినె ఏమన్నదో ఇను. "చదువుకున్నోడే చెప్పిండు, అవ్వకు మతి పోయింది. దసరా ఎల్లంగనే కొండగట్టు తీస్కపోయి నలభై దినాలు అంజన్న దగ్గర పెడత" అన్నది. ఆమె తల్లి మీది పావురంతోనే, ప్రేమతోనే అన్నది, ఆమెను తప్పు పట్ట. దేవుని తాన మొక్కు నాకూ ఉన్నది. గని మతి మంచిగున్న మనిషిని మతిలేనోళ్ల నడుమ కూసోబెడితె గామె పానం ఎట్లుంటది? మీ బావ మాత్రం బామ్మర్ది రాసిన మాట ఎట్ల కాదంటడు?

రాయద్దన్నవని ఊకున్న. ఇప్పుడు అన్ని రాస్త, నీ శాస్త్రం కరాబైనా సరే.

నాలుగో ప్రశ్న, పాము బొమ్మ. "పురుగు" అన్నది. నీ కాగితంల పాము అని ఉన్నది, అందుకని సున్నా పెట్టిన. దీపం పెట్టినంక పామును పేరు పెట్టి పిలుస్తమా మనం? నువ్వు పిలిచినప్పుడు అవ్వ నీ నోటి మీద కొట్టలేదా?

తొమ్మిదోది, నాలుక బయట పెట్టు అని. కొడుకు ఎదురుంగ కూసున్నడు. గంత పెద్ద మనిషి కొడుకు ముందట నాలుక ఎట్ల ఎల్లబెడతది? మూతి బిగబట్టి నన్ను గుర్రుమని చూసింది. సున్నా.

పదకొండోది, ఇయ్యాల తారీఖు ఎంత? పచ్చవాతం రాక ముందు అడిగినా చెప్పకపోయేది. నాకూ జీతం దినం ఒక్కటే తెలుసు. సున్నా.

పదిహేనోది, చిలుక బొమ్మ. గీతలతోని గీసిన బొమ్మను అటు తిప్పింది, ఇటు తిప్పింది, పక్కన పెట్టింది. పిల్లల నిర్మల్ కొయ్య చిలుకను చేతికిస్తె "చిలుక" అన్నది. గది కాగితంల లేదు. సున్నా.

గియి నాలుగు, ఆరోదానితోని ఐదు సున్నాలు ఆమెయి గావు, నీయి. తక్కిన ఎనిమిది నిజంగ పోయినయి, గది నేను దాచిపెట్ట. మనుమని పేరు రాదు. ఉప్పు రాదు, చెంబు రాదు. ఎనుకటి నోరు లేదు.

ఇగ నీ ఆరో ప్రశ్న. భర్త పేరు చెప్పుమంటవా? ఆడిదాక పొయ్యి గిది మరిచినవా? మన అవ్వ ఎన్నడన్న బాపు పేరు నోటితోని అన్నదా? జనాభా లెక్కలోళ్లు వచ్చి ఇంటాయన పేరేందని అడిగితె, అవ్వ దర్వాజ కాడ నిలబడి నిన్నే కేకేసింది. గోలీలు విడిచిపెట్టి ఉరికొచ్చి చెప్పింది నువ్వు కాదా? నేను పెండ్లి అయిన కాడ నుంచి నీకు ఇన్ని కారట్లు రాసిన. అన్ని తీసి చూడు. ఒక్కదాంట్ల మీ బావ పేరు కనబడితె నా చెవి కోస్కుంట.

చెప్పరాక చెప్పలే అనుకున్నవు. చెప్పద్దని చెప్పలే.

నువ్వు పెద్దోనివైతున్నవని ఊరంతా తిరిగి చెప్పిన నోరు నాది. గా నోటితోనే చెప్తున్న. నీ కాగితం తప్పు. మా అత్త తప్పు గాదు.

అనసూర్య

బెంగుళూరు,
24 సెప్టెంబర్ 1966

అక్కా,

నీ కారటు నాలుగుసార్లు చదివిన. తర్వాత పెట్టె దింపి నీ పాత కారట్లన్నీ తీసిన. ముప్పై ఒకటి ఉన్నయి. అన్నిట్లో "మీ బావ", "మీ బావ". ఒక్క చోట కూడా పేరు లేదు. ఇన్నేండ్లు చదివిన నాకు అది కనబడలేదు. సిగ్గుతో ఆ రోజు తిండి సయించలేదు. జనాభా లెక్కల దినం గుర్తుంది అక్కా. ఆరోజు బాపు పేరు గట్టిగా చెప్పి ఎంత మురిసిపోయిన్నో కూడా గుర్తుంది.

దాచుకుందామని ఒక క్షణం అనిపించింది. నిజం చెబుతున్న. నివేదిక సగం టైపు అయింది. సారు అందరి ముందు మెచ్చుకున్నరు. కాని అత్త పళ్లెం పక్కకు నూకిందన్న మాట కండ్ల ముందు నుంచి పోలేదు. కారటు పట్టుకొని సారు గదికి పోయి మొదటి నుంచి చివరి దాక కన్నడంలో సగం, ఇంగ్లీషులో సగం చెప్పిన. సారు కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిన్రు. తిడతరనుకున్న. "రోగి తప్పు రాసే ముందు మన తప్పు వెతుక్కోవాలి. ఇది మూడు నెలల నుంచి మీకు నేర్పుదామని చూస్తున్న. మీ అక్క ఒక్క కారటుతో నేర్పింది" అన్నరు. తర్వాత "మీ అక్క ఏ కాలేజీ?" అని అడిగిన్రు. "మగ్గం గుంట కాలేజీ సార్" అన్న. నవ్విన్రు.

సారు నీకు ఒక ప్రశ్న పంపిన్రు. నాకు కాదు, నీకే. అత్త నోటితో చెప్పకూడదు సరే. కాని ఆ పేరు ఆమె మనసులో ఉన్నదో లేదో తెలుసుకునే తొవ్వ ఏది? సారుకే తెలియదట. నీకు తెలిసి ఉంటుందని అన్నరు. ఒక్కటే జాగ్రత్త చెప్పిన్రు. ఒకసారి జరిగితే అది కాకతాళీయం కావచ్చు. మూడుసార్లు, వరుస మార్చి చూడాలి. ఏం చూసినవో అంతా రాయి. ఒక్క ముక్క విడవకు.

ఇందులోనే సత్తమ్మ వదినకు, రాజలింగు బావకు ఒక చీటీ పెట్టిన. నేను తప్పు తేల్చిన అని, అత్తకు మతి పోలేదని రాసిన. దాన్ని అత్త ఎదుటే చదవమను. కింద ఆమెకే ఒక ముక్క రాసిన, మన్నించమని.

నీ తమ్ముడు
కైలాసం

నస్పూర్,
26 అక్టోబర్ 1966

తమ్మికి అక్క దీవెనలు.

జర ఆలస్యమైంది, పండుగ పనులు. ఇప్పుడు నువ్వు మనిషి లెక్క రాసినవు.

నీ చీటీ మీ బావ అత్త ఎదురుంగ కూసోని చదివిండు. నీ మన్నింపు ముక్క కాడికి రాంగనే ఆమె కాగితం గుంజుకొని మడిచి రైకల పెట్టుకున్నది. గది కూడ రాస్కో, ఏ ప్రశ్నల కిందికి వస్తదో నాకు తెల్వది.

బతుకమ్మ దినాలల్ల గంగుబాయి నేను అత్తను చెరో చెయ్యి పట్టి ఆటకు తీస్కపోయినం. ఆడోళ్లు చప్పట్లు కొట్టి పాట ఎత్తుకోంగనే ఆమె నోరు కదిలింది. జర సేపటికి మాటలు ఎల్లినయి. నీళ్లు అడగరాని మనిషి పాట తుదదాక పాడింది! అందరు ఆట ఆపి చూసిన్రు. నాకు ఏడుపొచ్చింది. పాట అయిపోంగనే మళ్ల "గదే". గిదేం వింత తమ్మి? ఇంట్ల అర్రల లెక్క పాటకు వేరే అర్ర ఉంటదా మెదడుల?

దసరా ఎల్లిన తెల్లారి వదినె సత్తమ్మ మూట కట్టుకొని వచ్చింది, తల్లిని తీస్కపోవుటానికి. నీ చీటీ సంగతి చెప్తె, "మొన్న పోయిందని రాసిండు, ఇయ్యాల ఉన్నదని రాస్తుండు. కాగితాలు నమ్మ, నా కండ్లకు సూపెట్టు" అన్నది. ఆమె అన్నది న్యాయమే.

మీ సారు అడిగినదానికి జవాబు నా దగ్గర అప్పటికే ఉన్నది. నేను మామ పేరు అనరాదు. గని వదినె ఆయన బిడ్డ, ఆమెకు అడ్డు లేదు. అత్త రాట్నం ముందర కూసోని ఎడమ చేతితోని కండె చుడుతుంది. ఎనుక నిలబడి మూడు పేర్లు మెల్లగ చెప్పుమన్న.

"ఎల్లేశం" అన్నది వదినె. రాట్నం తిరుగుతనే ఉన్నది. "పర్శరాములు" అన్నది. తిరుగుతనే ఉన్నది. మూడోది మామ పేరు. రాట్నం ఆగింది. ఎడమ చెయ్యి మెల్లగ లేసి కొంగు నెత్తి మీదికి గుంజుకున్నది.

వదినె మొఖం తెల్లబోయింది. "ఊకనే జరిగిందేమో" అన్నది. మీ సారు చెప్పినట్టు కొంగు సదిరి, కొంత సేపు ఆగి, వరుస మార్చి చెప్పిపిచ్చిన. ఈసారి మామ పేరు నడుమ. నడుమనే కొంగు లేసింది. మూడోసారి మొదటనే ఆయన పేరు చెప్పుమన్న. అత్త కొంగు కప్పుకొని ఎనుకకు తిరిగి, బిడ్డ చెయ్యి మీద ఒక్కటి చరిచి, "గదే! గదే! గదే!" అని కోపం చేసింది. ఎన్నిసార్లు పిలుస్తవే మీ బాపును అన్నట్టు.

వదినె అక్కడనే కూలబడి తల్లి ఒళ్లె తల పెట్టి ఏడ్చింది. "అవ్వా, నిన్ను మతిలేనిదన్న" అని. అత్త ఆమె నెత్తి నిమిరింది. మూట విప్పినం.

మూడుకు మూడు. రాస్కో.

నీ అక్క
అనసూర్య

బెంగుళూరు,
8 నవంబర్ 1966

అక్కా,

మొన్న శనివారం నా నివేదిక చదివిన. పాతది చింపేసిన. కొత్తదాంట్లో మొదటి మాటే, నేను ఏం తప్పు చేసిన్నో అది. రాట్నం ఆగిన కాడికి, కొంగు లేసిన కాడికి వచ్చేసరికి అందరు రాసుకోవడం ఆపి నన్నే చూసిన్రు.

పుణే అమ్మాయి ఒకతె లేచి, "మా అమ్మ కూడా పేరు అనదు, నా కాగితంలో కూడా అదే ప్రశ్న ఉంది" అన్నది. కన్నడ అబ్బాయి లేచిండు. తమిళ అబ్బాయి లేచిండు. అందరి కాగితాలల్లో ఆరో ప్రశ్న అట్లనే ఉంది అక్కా. పన్నెండు మందిమి, అందరికీ తల్లులు ఉన్నరు, ఒక్కరికీ గుర్తు రాలేదు. ఆ ప్రశ్న మీద ఎంతమంది ఆడవాళ్లకు సున్నాలు పెట్టినమో లెక్క తీస్తున్నం. అన్నీ మళ్లా పోయి చూడాలి.

సారు ఆ ప్రశ్నను అన్ని భాషల కాగితాలల్లో కొట్టేసిన్రు. దాని చోట, మూడు పేర్లు చెప్పి మనిషిని చూడమని రాసిన్రు. ఇంకొకటి. ఇప్పుడు ప్రతి కాగితానికి ఎనుక ఒక ఖాళీ పేజీ కుట్టిన్రు, మార్కులలో పట్టనిది రాయడానికి. దానికి మా వాళ్లు పెట్టుకున్న పేరు ఏమిటో తెలుసా? "అక్క పేజీ". కన్నడ అబ్బాయి, పుణే అమ్మాయి కూడా "అక్క పేజీ నింపినవా?" అనే అడుగుతున్నరు. విన్నప్పుడల్లా నాకు ఛాతీ నిండిపోతుంది.

పాటకు వేరే అర్ర ఉందా అని అడిగినవు. అది పెద్ద ప్రశ్న. సారు దాన్ని నాకు వచ్చే ఏడాది పని కింద ఇచ్చిన్రు. ప్రశ్న నీది, చాకిరీ నాది.

నివేదిక అచ్చు అవుతుంది. నా పేరు కన్న ముందు "చూసి రాసినది: అనసూర్య, నస్పూర్" అని ఉంటుంది. సారు అడగకముందే నేనే పెట్టిన. దానికోసం ఆఫీసు ఫారం ఒకటి పంపుతున్న. నింపి, సంతకం పెట్టి పంపు.

రాజలింగు బావకు నమస్కారాలు. అత్తకు నా దండాలు.

నీ తమ్ముడు
కైలాసం

నస్పూర్,
21 నవంబర్ 1966

తమ్మి కైలాసానికి,

నీ కారటు మీ బావ బాయి మీద హాజరీ వేసే కాడ నిలబడి అందరికి చదివి ఇనిపిచ్చిండట. "అక్క పేజీ" అన్న కాడికి వచ్చి, "గా అక్క నా ఇంట్లనే ఉంటది" అన్నడట. ఇంటికొచ్చి, నా చేతిల చెంబు తీస్కొని తానే నీళ్లు ముంచుకున్నడు. పదహారేండ్ల కాపురంల గదే మొదటిసారి. గంగుబాయి ఇప్పుడు నీ తమ్ముడు పిచ్చోళ్ల దవాఖాన అంటలేదు. "మేం చూసి రాసినం" అంటుంది. చెయ్యి పట్టుకొని ఆటకు తీస్కపోయింది గద, ఆమెకు ఆ హక్కు ఉన్నది.

పోయిన మంగళవారం కొండగట్టు పోయినం. అందరం, పొద్దుగాల పోయి పొద్దుగూకెవరకు వచ్చినం. మా అత్త బిడ్డ భుజం పట్టుకొని మెట్లు తనే ఎక్కింది. కోలుకున్నదాని లెక్క దండం పెట్టుకున్నది, మతిలేనిదాని లెక్క కాదు. మెట్ల మీద నన్ను "బిడ్డ" అని పిలిచి, పడతవు జాగ్రత్త అన్నట్టు చెయ్యి సూపింది. ఎనుక పేజీల రాస్కో.

నీకు సున్నా పెట్టిన అనుకున్నవేమో గా కోపపు కారటుల. పెట్టలే. తప్పు చేసినోళ్లు శాన మంది ఉంటరు. పది మంది ముందు నిలబడి, నా తప్పు ఇది అని మొదటి మాటగ చదివినోడు నా తమ్ముడు. నా చేతిల అ ఆలు దిద్దినోడు. తెల్లకోటు చూసి మురిసిన దానికన్న గిప్పుడు ఎక్కువ మురిసిన.

ఫారం నింపి ఇందులనే పెట్టిన. పేరు రాసిన. ఊరు రాసిన. చదువు అన్న కాడ ఐదో తరగతి అని రాసిన, మీ సారుకు దాచేదేముంది. వృత్తి అన్న కాడ ఏం రాయాల్నో సమజ్ కాక, చూసుడు, రాసుడు అని రాసిన. సంతకం కూడ మంచిగనే వచ్చింది.

ఒక్క భర్త పేరు అన్న కాడ ఖాళీ విడిచిపెట్టిన. అది నువ్వే నింపుకో. నింపే ముందుగాల మీ సారు చూస్తె, నాకు సున్నా పెట్టద్దని చెప్పు.

నీ అక్క
అనసూర్య